గిత్తల జతకు బండి బేరం

(మా గ్రామీణ విలేఖరి)

చీమకుర్తి: నెలపట్టు పెట్టిందంటే చాలు, ఈ ప్రాంతంలో ఒంగోలు గిత్తలున్న ఇళ్లలో మనుషులకంటే ముందు పశువులకే పొయ్యి వెలుగుతుంది. కాగులో ఉలవలు ఉడుకుతుంటాయి. ఇంటాయన టీ నీళ్లు కూడా తాగకుండా జతను తోలుకుని చేలవైపు నడకకు బయలుదేరతాడు. సంక్రాంతి నుంచి ఎండాకాలం దాకా ఎక్కడో ఒకచోట బండలాగుడు పందెం జరుగుతూనే ఉంటుంది. పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అంటూ జతల వయసును బట్టి విభాగాలు పెడతారు. నిర్ణీత సమయంలో ఎన్ని అడుగులు లాగితే అంత పేరు.

అయితే బండ లాగటం సంగతి అటుంచి, అసలు ఆ బండ దాకా జతను ఎలా చేర్చాలన్నదే ఇప్పుడు రైతుల ముందున్న పెద్ద సమస్య. ఒకప్పుడు పందెం అంటే పొరుగూరి తిరునాళ్లే. ముందురోజు చల్లపూట తోలుకుపోయి ఎవరో ఒక చుట్టం ఇంట్లో కట్టేసేవారు. ఇప్పుడు పల్నాడు పోవాలి, నంద్యాల పోవాలి, కృష్ణ దాటి సూర్యాపేట వైపు కూడా పోవాలి. వంద కిలోమీటర్లు నడిపించి బండ కట్టమంటే ఏ గిత్తా కట్టదు.

దీనికి ట్రాక్టరు ట్రక్కు వాడేవారు కొందరు, అద్దె పికప్‌లు మాట్లాడుకునేవారు కొందరు. కాస్త కలిగినవారు డీసీఎం పెడతారు. (డీసీఎం అన్నది 1980లలో లారీలు చేసిన ఒక కంపెనీ పేరు. కంపెనీ ఎప్పుడో చేతులు మారింది కానీ మన ఊళ్లలో ఆ సైజు లారీ ఎవరు చేసినా డీసీఎంగానే ఉండిపోయింది.) సొంత బండి కొనాలనే ఆశ మాత్రం అందరికీ ఉంది. ఏ బండి కొనాలన్న దగ్గరే రచ్చబండ మీద మాట తెగటం లేదు. ఈ విలేఖరికి పెదనాన్న వరసయ్యే రైతు ఒకరు మూడు నెలలు తిరిగి తిరిగి ఈ బేరం తేల్చుకున్నారు. ఆయన వెంట చాలాచోట్లకు ఈ విలేఖరి కూడా వెళ్లటం జరిగింది. అదే ఇక్కడ రాస్తున్నది.

మోకాలు గీరుకుపోయిన దాపటిది

పెదనాన్నకు బండి కొనాలన్న పట్టుదల ఊరికే రాలేదు. నిరుడు పందేనికి పోతూ జతను ట్రాక్టరు ట్రక్కులో ఎక్కించారు. తారు రోడ్డు దిగుడులో మేకల మంద అడ్డం వచ్చింది. డ్రైవరు బ్రేకు తొక్కాడు. ట్రాక్టరు ఆగబోయింది కానీ వెనకున్న ట్రక్కు ఆగలేదు. ట్రాక్టరును ముందుకు నెట్టుకుంటూ, పక్కకు మడత పడబోయి, అదృష్టం బాగుండి నిలిచింది. ట్రక్కు అడుగు వట్టి ఇనుప రేకు. దాని మీద చారెడు గడ్డి తప్ప ఏమీ లేదు. వలపటిది ఎలాగో నిలదొక్కుకుంది. దాపటిది ముందు మోకాళ్ల మీద పడింది. రెండు మోకాళ్ల చర్మం లేచిపోయింది, జబ్బ వాచింది. పశువైద్యుడు వచ్చి చూసి ఎముకకు ఏమీ కాలేదన్నారు. అయినా రెండు నెలలు కాడి కట్టలేదు. ఆ ఏడు పందేలు అక్కడితో సరి.

ఇక్కడ ట్రాక్టరు రైతులందరూ తెలుసుకోవలసిన సంగతి ఒకటి ఉంది. మామూలు ట్రాక్టరుకు బ్రేకులు వెనక చక్రాలకే ఉంటాయి. ఆ బ్రేకు పెడళ్లు కూడా ఎడమకొకటి, కుడికొకటి. దుక్కిలో మలుపు తిప్పటానికి విడివిడిగా పనికొస్తాయి. రోడ్డెక్కినప్పుడు ఆ రెంటినీ కలిపే చిన్న పట్టీ వేయాలి. వేయకపోతే ఒక్క కాలు ఒక్క పెడలు మీద పడినా ట్రాక్టరు ఒకవైపుకు గుంజుతుంది. మన ఊళ్లలో ఆ పట్టీ తుప్పు పట్టి ఊడిపోయిన ట్రాక్టర్లే ఎక్కువ. ఇక ట్రక్కుకు బ్రేకు ఉండాలన్న ఆలోచన ఎవరికీ రాదు. లాగుతున్నదా లేదా అన్నదే చూస్తారు.

ఆ రోజు డ్రైవరు ఆ పట్టీ వేశాడో లేదో పెదనాన్నకు ఇప్పటికీ తెలియదు. అడిగితే వేశాననే అంటాడు.

వేబ్రిడ్జి మీద గిత్తలు

బండి చూడబోయే ముందు పెదనాన్న చేసిన తెలివైన పని ఏమిటంటే జతను తూయించటం. చీమకుర్తి గ్రానైటు పుణ్యమా అని ఈ దారిలో వేబ్రిడ్జిలకు కొదవ లేదు. లారీల వరసలో గిత్తలను నిలబెడితే అక్కడి గుమాస్తా ముందు నవ్వాడు, తరువాత డబ్బు తీసుకోకుండానే చీటీ ఇచ్చాడు. రెండూ కలిసి 1,180 కిలోలు తూగాయి. తోడు వచ్చే ఇద్దరు మనుషులు 140 కిలోలు. చొప్ప, ఉలవల బస్తా, నీళ్ల డ్రమ్ము కలిపి 100. గిత్తలు పక్కకు ఒరగకుండా కట్టే ఇనుప చట్రానికీ, అడుగున పరిచే చెక్కకూ 150. మొత్తం 1,570 కిలోలు.

ఈ ఒక్క లెక్కతో సగం బళ్లు తప్పుకున్నాయి. 2005లో వచ్చిన టాటా ఏస్ చౌక, సందుల్లో తిరుగుతుంది, మరమ్మతు ఎక్కడైనా అవుతుంది. అయితే అది మోసేది ముప్పావు టన్ను చుట్టూ. అంటే ఒక గిత్త, దాని దాణా. చాలామంది దానిలోనే రెండింటినీ కుక్కి తీసుకుపోతున్నారు. కమాను పట్టీలు అణిగిపోయి, ముందు చక్రాలు తేలిపోయి, స్టీరింగు చేతికి తేలికగా వస్తుంటే బండి బాగా నడుస్తోందని మురిసిపోతున్నారు. ముందు చక్రాల మీద బరువు లేని బండి మలుపులో మాట వినదు, బ్రేకుకూ లొంగదు.

చోటు లెక్క కూడా ఉంది. 2016 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చిన కేంద్ర మోటారు వాహనాల నిబంధన ప్రకారం బండిలో ఒక్కొక్క ఆవుకు గాని గేదెకు గాని 2 చదరపు మీటర్ల చోటు ఉండాలి. గుర్రానికైతే రెండుంపావు. జతకు 4 చదరపు మీటర్లంటే సుమారు 43 చదరపు అడుగులు. ఏడడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పు ఉన్న తొట్టి 35 అడుగులే. తొమ్మిదడుగుల పొడవు, అయిదున్నర వెడల్పు ఉంటే 49 దాటుతుంది. పెదనాన్న ఇవేమీ చదవలేదు. వలపటిదాన్ని మూతి నుంచి తోక మొదలు దాకా పలుపుతాడుతో కొలిచి, ఏడున్నర అడుగుల దగ్గర ముడి వేసి, ఆ తాడు జేబులో పెట్టుకున్నారు.

షోరూములో పలుపుతాడు

ఒంగోలులో మేము మెట్లెక్కింది మూడు షోరూములు. పెదనాన్న నోట మాత్రం ఒక్కటే మాట: నాలుగు చక్రాలూ లాగే బండి కావాలి. దానికి కారణం మా ఊరి డొంక. ఊరి నుంచి తారు రోడ్డుకు రెండు కిలోమీటర్లు. అంతా నల్లరేగడి. కార్తీకంలో ఒక్క వాన పడితే పొంగళ్ల దాకా ఆరదు. ఆ డొంకలో దిగబడని బండి లేదు.

షోరూము కుర్రవాడు మర్యాదస్తుడు. ‘పెద్దాయనా, మీరు కూర్చోండి’ అని చల్లటి నీళ్లిచ్చి, నాలుగు చక్రాల డ్రైవు బండి చూపించాడు. ముందు రెండు వరసల సీట్లు, అయిదుగురు కూర్చోవచ్చు. వెనక తొట్టి. పెదనాన్న జేబులో నుంచి తాడు తీసి తొట్టిలో పరిచారు. ముడి వెనక డోరు దాటి రెండడుగులకు పైగా బయట వేలాడింది.

‘ఒరే అబ్బాయ్, ఎద్దు తోక సంగతి సరే, నడుము ఎక్కడ పెట్టాలి?’ అన్నారు పెదనాన్న.

ఈ చిక్కు ఒక్క కంపెనీది కాదు. బజారులో నాలుగు చక్రాల డ్రైవు ఉన్న పికప్‌లలో ఎక్కువ భాగం రెండు వరసల సీట్లవే. బొలెరో క్యాంపరు అంతే. మన శ్రీసిటీలో 2016 నుంచి బళ్లు తయారు చేస్తున్న ఇసుజు వారి వీ-క్రాస్ అంతే. 2022లో మన దేశంలోకి వచ్చిన టొయోటా హైలక్స్ అంతే. పైగా చివరి రెండూ ఇరవై లక్షలు దాటిన బళ్లు. అందులో పోయేది గిత్తల జతలున్న రైతులు కాదు, గిత్తల పందెం చూడటానికి వచ్చే కంట్రాక్టర్లు. థార్, జిమ్నీ వంటి వాటిలో మనుషులకే చోటు అంతంత మాత్రం.

అప్పుడు ఆ కుర్రవాడే మరో దారి చెప్పాడు. విదేశాల్లో గుర్రాలున్నవారు ఇలాంటి బండికి వెనక ట్రైలరు తగిలించి అందులో గుర్రాలను తీసుకుపోతారని ఫోనులో బొమ్మలు చూపించాడు. అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఇది మామూలు సంగతే. గుర్రం బరువు కూడా ఇంచుమించు గిత్త బరువే. పెదనాన్నకు బొమ్మ నచ్చింది. బండిలో ఇంటిల్లిపాదీ కూర్చుని వెనక గిత్తలతో పందేనికి పోతున్నట్టు ఊహించుకున్నట్టున్నారు. తిరుగు బస్సులో మాట్లాడలేదు.

ట్రైలరు మాట

ట్రైలరు సంగతి తీరికగా వాకబు చేస్తే తేలింది ఇది. రెండు గుర్రాల ట్రైలరు వట్టిదే ఒక టన్ను దాకా ఉంటుంది. రెండు జీవాలు ఎక్కితే రెండు టన్నులు దాటుతుంది. అంటే లాగే బండి బరువుకు ఇంచుమించు సమానం. అందుకని ఆ దేశాల్లో ట్రైలరుకు సొంత బ్రేకులు ఉంటాయి. బ్రిటనులో మొత్తం బరువు 750 కిలోలు దాటేలా తయారైన ట్రైలరుకు బ్రేకు లేకపోతే రోడ్డెక్కనివ్వరు. అమెరికాలో డ్రైవరు ముందున్న మీట నుంచి వైరు ద్వారా ట్రైలరు బ్రేకు పట్టే ఏర్పాటు ఉంటుంది. ట్రైలరు మొత్తం బరువులో పదో వంతు నుంచి ఆరో ఏడో వంతు దాకా ముందు హుక్కు మీద పడేలా జీవాలను నిలబెడతారు. బరువు వెనక్కు పడితే హుక్కు పైకి లేచి, ముందు బండి వెనక చక్రాలకు పట్టు పోయి, ట్రైలరు తోక ఆడించటం మొదలుపెడుతుంది. ఒకసారి మొదలైతే ఎంతటి డ్రైవరుకైనా ఆపటం కష్టం.

ఇవన్నీ చేసిపెట్టే ట్రైలర్లు మన జిల్లాలో దొరకవు. ట్రాక్టరు ట్రక్కులు చేసే ఒక వర్క్‌షాపుకు పోయి అడిగాం. ఆయన చేయి తిరిగిన పనివాడు. అరగంటలో సున్నం గీతలతో నేల మీద బొమ్మ వేసి, ఇంత ఇనుము, ఇన్ని రోజులు అని లెక్క చెప్పాడు. పెదనాన్న అన్నీ విని, మరి బ్రేకు సంగతేమిటని అడిగారు.

ట్రాక్టరు ట్రక్కుకు ఉందా బ్రేకు, దీనికెందుకు అన్నాడాయన.

పెదనాన్న తువ్వాలు దులుపుకుని లేచారు. దాపటిదాని మోకాళ్లు గుర్తుకు వచ్చి ఉంటాయి. ట్రైలరు మాట మళ్లీ ఎత్తలేదు. పైగా ట్రైలరుకు వేరే రిజిస్ట్రేషను ఉండాలి. ఊళ్లో చేయించిన దానికి ఆ కాగితాలు పుట్టటం అంత తేలిక కాదు. లాగే బండికి ఎంత బరువు తగిలించవచ్చో కంపెనీ పుస్తకంలో రాసి ఉండాలి. అమ్మే మనిషి నోటిమాట ప్రమాదం జరిగిననాడు పనికి రాదు.

నాలుగు చక్రాలు లాగితే ఏమవుతుంది?

ఈ నాలుగు చక్రాల డ్రైవు అన్నదాని మీద ఊళ్లలో భ్రమలు ఎక్కువగా ఉన్నాయి. మామూలు పికప్‌కు ఇంజను బలం వెనక రెండు చక్రాలకే పోతుంది. నాలుగు చక్రాల డ్రైవులో ఒక మీట వేస్తే ముందు చక్రాలకు కూడా పోతుంది. ఇంకో మెట్టు దించితే వేగం తగ్గి లాగుడు పెరుగుతుంది. బురదలో, ఇసుకలో, మెట్ట ఎక్కేటప్పుడు అది దేవుడే. అంతవరకు నిజం.

అయితే ఈ రకం బళ్లలో ఆ మీటను ఎండిన తారు రోడ్డు మీద వేసి నడపకూడదు. మలుపులో ముందు చక్రాలు, వెనక చక్రాలు ఒకే దూరం తిరగవు. వాటిని ఒకే తాటికి కడితే గేర్లు బిగుసుకుంటాయి, టైర్లు అరుగుతాయి. కొందరు దర్జాకు అదే వేసుకుని ఒంగోలు దాకా పోతున్నారు. రెండోది, నాలుగు చక్రాలూ లాగినంత మాత్రాన బండి తొందరగా ఆగదు. మామూలు బండికి కూడా బ్రేకులు నాలుగు చక్రాలకూ ఉంటాయి కదా. వేగం రెట్టింపైతే ఆగటానికి పట్టే దూరం నాలుగింతలు అవుతుంది. ఇది ఏ డ్రైవుకైనా ఒకటే. మూడోది మన రేగడి సంగతి. ఈ మట్టి టైరు గాళ్లలో కూరుకుని టైరును నున్నటి గుండు చేసేస్తుంది. అప్పుడు నాలుగు చక్రాలూ కలిసికట్టుగా జారతాయి.

ఇంకొక చిత్రం మా డొంకలోనే చూశాం. కార్తీక వాన మర్నాడు ఒక అద్దె పికప్‌ను పరీక్షకు తెప్పించారు. గిత్తలతో పోయేటప్పుడు బరువంతా వెనక చక్రాల మీద ఉండబట్టి మూలుగుతూ మూలుగుతూనే గట్టెక్కింది. గిత్తలను దించేసి ఖాళీగా తిరిగి వచ్చేటప్పుడు అదే డొంకలో, అదే గాడిలో ఇరుసు దాకా దిగబడింది. చివరకు దాన్ని బయటికి లాగింది ఎవరనుకున్నారు? మా జతే. కంపెనీ వారు 75 అశ్వశక్తి అని రాసుకున్న ఇంజను మీద నాలుగు చక్కెళ్లు, రెండు గిత్తలు గెలిచాయి. పెదనాన్న ముఖంలో ఆ రోజు కనిపించిన వెలుగు పందెంలో గెలిచిన రోజు కూడా చూడలేదు.

ఒకే వరస సీట్లు, పొడుగు తొట్టి, నాలుగు చక్రాల డ్రైవు మూడూ ఉన్న పికప్‌లు అసలు లేవని కాదు. బొలెరో పికప్‌లో ఆ రకం ఉంది. టాటా యోధాలో 2017లో బండి వచ్చినప్పుడే ఆ ఏర్పాటుతో కూడా తెచ్చారు. షోరూములో ఉండవు, అడిగితే తెప్పిస్తారు. చిక్కేమిటంటే మేము చూసిన పట్టికలో 1,700 కిలోలు మోసే రకానికి నాలుగు చక్రాల డ్రైవు లేదు. ఆ డ్రైవున్న రకం మోసేది అంతకంటే తక్కువ. మా లెక్క 1,570. డొంక దాటటానికి ఒక బండి, జతను మోయటానికి ఒక బండి అన్నట్టయింది.

పెద్దమ్మ లెక్క

ఇక్కడ రెండు వారాలు బేరం ఆగిపోయింది. పెదనాన్న పగలంతా రచ్చబండ దగ్గరే. ఒకరు నాలుగు చక్రాలది కొని ఎక్కువ బరువు వేసుకో, ఎవరు చూడొచ్చారు అంటారు. ఒకరు డీసీఎం సెకండుహ్యాండు చూడమంటారు. ఎకరం చేను అమ్మకానికి పెట్టే మాట కూడా వచ్చింది. ఆ మాట ఇంట్లో చెవిన పడిన రాత్రే పెద్దమ్మ కల్పించుకున్నారు.

‘ఏడాదికి ఎన్నిసార్లు పోతారు పందేలకు?’ అని అడిగారామె.

పుస్తకం తీసి చూస్తే క్రిందటేటికి ముందు ఏడాది పద్నాలుగు సార్లు. సగటున ఆరు వేల అద్దె చొప్పున 84,000 రూపాయలు. కొత్త బండికి చేతిలో ఉన్నది పోను ఎనిమిది లక్షలు ఫైనాన్సు తీసుకుంటే, నూటికి పది వడ్డీ, అయిదేళ్ల గడువు మీద నెల వాయిదా 17,000 దాకా వస్తుంది. ఏడాదికి రెండు లక్షల నాలుగు వేలు. డీజిలు, బీమా, టైర్లు దాని పైన. అద్దె మిగిలిందనుకున్నా ఇంకా లక్షా ఇరవై వేలు ఆ బండే సంపాదించి పెట్టాలి. ఈ లెక్క రాసిన కాగితం పెద్దమ్మ బియ్యం డబ్బా మీద అంటించారు. ఇప్పటికీ అక్కడే ఉంది.

చేను అమ్మటానికి వీల్లేదు, బండి కొంటే మిగతా రోజులు బాడుగకు తిరగాలి అన్నది ఆమె షరతు. బాడుగకు తిరిగే బండికి నాలుగు చక్రాల డ్రైవు కంటే బరువు మోసే శక్తి ముఖ్యం. మరి డొంక మాటేమిటని పెదనాన్న అడిగితే ఆమె చెప్పిన జవాబుకు ఎదురు మాట లేదు.

‘రోజూ పొద్దున్నే నాలుగు కిలోమీటర్లు నడిపించుకొస్తున్నారుగా. ఆ నడకేదో డొంకలోనే నడిపించి రోడ్డు మీద ఎక్కించుకోండి. బండి రోడ్డు దగ్గరే ఉంచండి. వాటికి దేవుడిచ్చిన కాళ్లు నాలుగున్నాయి.’

మూడు నెలలు మూడు షోరూములు తిరిగినా మాలో ఎవరికీ ఈ మాట తట్టలేదు. ఈ విలేఖరి కూడా ఒప్పుకోక తప్పదు. పందెం జరిగే చోట కూడా ఇంతే. బరి చేలో ఉంటే బండిని రోడ్డు మీదే ఆపి జతను నడిపించుకు పోవచ్చు.

అయితే ఊరికీ ఊరికీ తేడా ఉంది. కొండవాలులో తోటలున్నవారికి, నల్లమల అంచు గూడేల్లో రోజూ సరుకు దించవలసినవారికి నాలుగు చక్రాల డ్రైవు వృథా ఖర్చు కాదు. రోడ్డు రెండు కిలోమీటర్లు కాక పదిహేను ఉన్నవారికి పెద్దమ్మ సలహా పనికి రాదు.

అడుగు, కాగితాలు

చివరకు పొడుగు తొట్టి, రెండు చక్రాల డ్రైవు, 1,700 కిలోల రకం కొన్నారు. ధర పది లక్షల అటూ ఇటూ. నాలుగు చక్రాల రకానికి పెట్టదలచిన పై డబ్బును తొట్టి మీద పెట్టారు. ఇనుప రేకు మీద చెక్క, చెక్క మీద కొబ్బరిపీచు చాప, దాని మీద ఇసుక, ఇసుక మీద వరిగడ్డి. గడ్డి ఒక్కటే వేస్తే మూత్రం పడి జారుతుంది, ఇసుక ఉంటే గిట్టకు పట్టు దొరుకుతుంది. పక్కలకు పాత బస్తాల్లో ఊక కుక్కి కట్టారు. మధ్యన అడ్డకర్ర. గిత్తల ముఖం ఇంజను వైపు ఉండేలా కడతారు. 1978 నాటి పశురవాణా నిబంధనలు కూడా అదే మంచిదంటున్నాయి. మీద తోలు లేచిపోయినవాడికి నిబంధన చెప్పనక్కర లేదు గాని, మిగతావారు గుర్తుంచుకోవలసినవి మరికొన్ని ఉన్నాయి. బయలుదేరే ముందు ప్రయాణానికి పనికొస్తాయని పశువైద్యుని సర్టిఫికెట్ తీసుకోవాలి. బండిలో జీవాల వెంట ఒక మనిషి ఉండాలి. వాటితో పాటు వేరే సరుకు వేయకూడదు.

అన్నిటికంటే ఎక్కువ మంది పట్టించుకోనిది బీమా. పందెం రోజున తొట్టిలో గిత్తల పక్కనే పదిమంది కుర్రాళ్లు ఈలలు వేస్తూ నిలబడి పోవటం మామూలు. సరుకు బండిలో ఊరికే ఎక్కిన మనుషులకు ఏమైనా జరిగితే బీమా కంపెనీ బాధ్యత ఉండదని 2002లో ఆశారాణి కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. సరుకు యజమాని, లేదా ఆయన తరఫు మనిషి సంగతి వేరు. మిగతావారికి జరిగే నష్టం బండి ఓనరు నెత్తిన పడుతుంది. పెదనాన్న ఈ మాట విన్నాక కుర్రాళ్లను బస్సులో రమ్మన్నారు. దాని మీద ఊళ్లో ఇంకా అలకలు సాగుతున్నాయి.

తారు రోడ్డు పక్కన తాటి దుంగలు అడ్డం పెట్టి మట్టి పోసి, తొట్టి ఎత్తుకు సరిగ్గా దిబ్బ కట్టారు. కట్టాక ఒక తప్పు బయటపడింది. మొదటి గిత్త ఎక్కగానే కమాను పట్టీలు అణిగి తొట్టి జానెడు కిందికి దిగుతోంది. రెండో గిత్తకు అక్కడ మెట్టు కనిపించి వెనక్కు తగ్గుతోంది. ఇప్పుడు మధ్యన ఒక చెక్క పలక వేస్తున్నారు. వలపటిది రెండు రోజుల్లో అలవాటు పడింది. దాపటిది మాత్రం దిబ్బ చివరిదాకా వచ్చి, ఇనుము వాసన చూసి, ముందు కాళ్లు బిగబడుతోంది. పెదనాన్న కొట్టటం లేదు, అదిలించటం లేదు. రోజూ పొద్దున, సాయంత్రం తొట్టిలో కూర్చుని చేతిలో ఉలవలు పెట్టుకుని పిలుస్తున్నారు. మొన్న రెండు కాళ్లు లోపల పెట్టిందట.

మొదటి వాయిదా ఫిబ్రవరిలో కట్టాలి. పొగాకు బేళ్లు వేలం కేంద్రానికి తోలే బాడుగ మాట్లాడుకున్నారు కానీ, గిత్తలెక్కిన తొట్టిలో బేళ్లు వేస్తే వాసన పడుతుందని బేళ్ల రైతులు సందేహిస్తున్నారు. ముందు కడిగి చూపించమన్నారు.